క్షేత్రమున నేర్చిన పాఠము గృహమున నిలుచుట ఎట్లు?

మాచెర్లలో చంద్రవంక ఒడ్డున వెలసిన శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామిని సేవించి తిరిగివచ్చు యాత్రికుని మనఃస్థితిని ఒక్కసారి తలచుకొందము. గర్భాలయమున దీపకాంతి, తులసి పరిమళము, ఘంటానాదము, తీర్థము, శఠగోపము - వీని నడుమ అతని హృదయము కరగును. ప్రక్కనున్న వృద్ధునకు తానే దారి ఇచ్చును. ఎన్నడును చూడని వాని చేతిలో తన ప్రసాదమున సగము పెట్టును. అట్టివాడే ఒక గడియ గడువకముందు బస్సు ఎక్కి కిటికీ ప్రక్క చోటు కొరకు కలహించును. ఇల్లు చేరిన మరునాడు పొలము గట్టు తగవులో తమ్మునితో మాట మానును.

ఇది కపటమా? కాదు. ఆలయములో అతడు కార్చిన కన్నీరు నిజమైనదే. మరి లోపమెచ్చట? అతడు పాఠమును నేర్చినాడు గాని ఆ పాఠము నేర్చిన చోటనే ఉండిపోయినది. ఒకచోట నేర్చినది మరియొకచోట పనికివచ్చుట ఎట్లు? అందుకు పరిసరములను గమనించుట తోడ్పడునా, అడ్డుపడునా? ఇది బడిపిల్లలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. భక్తుడైన ప్రతి గృహస్థునకును ఇది ముఖ్యమైన ప్రశ్న.

వంటయిల్లు, కొండ

మన తర్కశాస్త్రము ఈ విషయమును చిరకాలము క్రిందటనే విచారించినది. ఆంధ్రుడగు అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును నేటికిని సంస్కృత విద్యార్థులు మొదటి పాఠ్యగ్రంథముగా చదువుచున్నారు. అందు అనుమాన ప్రమాణమునకు ఇచ్చిన ఉదాహరణము అందరెరిగినదే. ఒకడు వంటయింటిలోను, మరికొన్ని చోట్లను పొగయు నిప్పును కలిసియుండుటను పలుమార్లు చూచును. పొగ ఉన్నచోట నిప్పు ఉండునని గ్రహించును. తరువాత కొండమీద పొగను చూచి, కంటికి కానరాని నిప్పు అచ్చట కలదని నిశ్చయించును. వంటయింటిలో నేర్చినది కొండమీద పనిచేసినది. ఈ సంబంధమునకే శాస్త్రము వ్యాప్తి అని పేరు పెట్టినది.

అయితే వంటయింటిలో ఉన్నది పొగయు నిప్పును మాత్రమేనా? గోడలున్నవి, కుండలున్నవి, ఉట్టి ఉన్నది, తల్లి ఉన్నది. కొండమీద ఇవి ఏవియు లేవు. వీనిని కూడ నిప్పుతో ముడివేసికొన్న బాలుడు కొండను చూచి ఏమియు తెలిసికొనలేడు. ఏది పాఠమునకు చెందినది, ఏది ఆ చోటికి మాత్రమే చెందినది అను వివేకము వ్యాప్తికి ప్రాణము.

దీనికి మారుగా, నిప్పున్నచోటనెల్ల పొగ ఉండునని ఒకడు తలచెననుకొందము. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండును చూచినపుడు ఆ తలపు వీగిపోవును. అందు నిప్పున్నది, పొగ లేదు. పొగకు కారణము తడికట్టె అని అపుడు తేలును. ఇట్లు లోపల దాగియుండి మనలను మోసగించు నియమమును తార్కికులు ఉపాధి అనిరి. వంటయింటిని మాత్రమే చూచినవానికి ఉపాధి తెలియదు. కొలిమిని కూడ చూచినవానికే తెలియును. కావుననే పలుచోట్ల పలుమార్లు చూచుట అవసరమని పెద్దలు నొక్కి చెప్పిరి.

నేటి పరిశోధకులు చూచినది

ఈ విషయమునే నేటి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు వేరు మార్గమున పరీక్షించిరి. 1975లో గాడెన్, బాడ్లీ అను ఇరువురు బ్రిటిషు పరిశోధకులు సముద్రమున మునిగి ఈదుటలో అలవాటున్న వారిని కొందరిని ఎన్నుకొని, 36 మాటల జాబితాలను కొన్నింటిని ఒడ్డుమీదను, కొన్నింటిని నీటి అడుగునను వినిపించిరి. ఒడ్డున విన్నవి ఒడ్డుననే, నీటిలో విన్నవి నీటిలోనే వారికి ఎక్కువగా జ్ఞప్తికి వచ్చెను. చోటు మారినచో మరపు హెచ్చెను. అయితే 2021లో ఈ ప్రయోగమును మరల చేసి చూచినపుడు అదే ఫలితము రాలేదు. కావున దీనిని తిరుగులేని నియమముగా గాక, మనస్సునకు గల ఒక వాలుగా మాత్రమే గ్రహించుట యుక్తము.

1978లో అమెరికాలో స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ అనువారు మరియొక ప్రయోగము చేసిరి. 40 మాటలను కొందరు ఒకే గదిలో రెండుసార్లు చదివిరి. మరికొందరు ఒకసారి ఒక గదిలోను, రెండవసారి వేరొక గదిలోను చదివిరి. పిదప అందరిని మూడవచోట పరీక్షింపగా, రెండు గదులలో చదివినవారే ఎక్కువ మాటలు చెప్పగలిగిరి. మరుసటి ఏట స్మిత్ ఇంకొక విషయమును కనుగొనెను. చదివిన గదికి దూరముగా కూర్చుండబెట్టినను, ఆ గదిని మనస్సులో చిత్రించుకొనుమని చెప్పినచో, విద్యార్థులు ఆ గదిలోనే ఉన్నవారికి ఇంచుమించు సమానముగా జ్ఞప్తికి తెచ్చుకొనగలిగిరి. మానసికపూజను నిత్యము చేయువారికి ఇది క్రొత్త సంగతి కాదు. నరసరావుపేటలో కన్నులు మూసికొని కూర్చున్న గృహిణి మనస్సులో చెన్నకేశవుని ముఖమండపమును నిలుపుకొన్నచో, అచ్చట కలిగిన శాంతి కొంతయైనను ఆమెకు ఇంటనే లభించును.

1985లో వెలువడిన మరియొక పరిశీలన మనకు ఇంకను సన్నిహితముగా తోచును. బ్రెజిలు దేశమున రెసిఫే నగరపు సంతలో కొబ్బరికాయలు మొదలగు సరకులు అమ్ము బీదపిల్లలు అయిదుగురిని పరిశోధకులు పరీక్షించిరి. సంతలో కొనుగోలుదారులవలె నిలిచి లెక్కలు అడిగినపుడు పిల్లల జవాబులు నూటికి 98 వంతులు సరిపోయెను. అవే లెక్కలను అంకెలుగా కాగితముపై వ్రాసి ఇచ్చినపుడు నూటికి 37 మాత్రమే సరిపోయెను. తెలివి అదే, పిల్లలు వారే. మారినది చుట్టునున్న పరిస్థితి. మన పల్నాటిలోను ఇట్టిది చూడవచ్చును. సెలవునాడు తల్లి వెంట ప్రత్తిచేనికి పోయిన బాలిక, తూచిన ప్రత్తికి ఎంత కూలి రావలెనో నోటిలెక్కగా చెప్పివేయును. మరునాడు బడిలో అదే గుణకారము పలకమీద కనబడగానే బెదరును. చేనిలోని లెక్కయు పలకమీది లెక్కయు ఒకటే అని ప్రక్కన కూర్చుండి చూపువారు ఒకరు కావలెను. వారు లేనిచో ఆ బాలిక తనకు లెక్కలు రావని నమ్మి, జీవితాంతము ఆ మాటనే పట్టుకొని ఉండును. పాఠము చోటు దాటకపోవుటవలన కలుగు నష్టము ఇంత పెద్దది.

బాణములు చేయువాడు, అవధూత

ఇపుడు ఒక సందేహము కలుగును. పరిసరములు మనస్సును ఇంతగా కట్టివేయునపుడు, వానిని గమనింపకుండుటయే మేలు కాదా? దీనికి సమాధానము శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున యదుమహారాజునకును అవధూతకును జరిగిన సంవాదమున దొరకును.

అవధూత తన ఇరువదినలుగురు గురువులను పేర్కొనుచు బాణములు చేయువానిని ఒకనిని చెప్పును. అతడు అంబును సరిచేయుటలో ఎంతగా లీనమైయుండెననగా, ప్రక్కనుండియే రాజు పరివారముతో పోయినను అతనికి తెలియలేదు. ఏకాగ్రతకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము లేదు. కాని ఒక చిన్న విషయమును గమనింపుడు. రాజు పోవుటను బాణములు చేయువాడు చూడలేదు. ఆ ఇరువురిని చూచినవాడు అవధూత! పనివాని ఏకాగ్రతను, రాజు ఊరేగింపును ఒకే చూపులో పట్టుకొని, వాని నడుమ ఉన్న పాఠమును ఏరుకొన్నవాడు ఆయన.

అవధూత చెప్పిన మరియొక గురువు ఒక కన్య. ఇంట పెద్దలు లేని సమయమున బంధువులు రాగా, వారికి అన్నము సిద్ధపరచుటకై ఆమె చాటున వడ్లు దంచుచుండెను. చేతి గాజులు గలగలలాడినవి. ఇంటి లేమి అతిథులకు తెలియునని సిగ్గుపడి ఆమె ఒక్కొక్క గాజును తీసివేసెను. చేతికి రెండు మిగిలినను చప్పుడు మానలేదు. ఒక్కటి మిగిలినపుడు నిశ్శబ్దమాయెను. అవధూత ఆ సమయమున అచ్చట ఉండి దీనిని చూచి, పలువురు కూడినచోట కలహము, ఇరువురున్నచోట మాటలు తప్పవనియు, సాధకునకు ఏకాంతము హితమనియు నేర్చుకొనెను. గాజులనుండి జీవితమునకు పాఠము నడచివచ్చినది.

కావున గమనిక రెండు విధములు. పాఠమును గ్రహించు వేళ బాణములు చేయువాని చూపు కావలెను. గ్రహించిన పిదప అవధూత చూపు కావలెను. మొదటిది లేనిచో పాఠము అంటదు. రెండవది లేనిచో అంటిన పాఠము కదలదు. జపము చేయునపుడు వీధిలోని మాటలను వినుట చెదరిన మనస్సు. జపము ముగించి వీధిలోనికి వచ్చినపుడు, ఇందాకటి పాఠము ఇచ్చట ఏ రూపమున ఉన్నదని వెదకుట మేల్కొన్న మనస్సు. రెంటిని ఒకటిగా ఎంచరాదు.

ఒక్క గురువునుండి పొందిన జ్ఞానము స్థిరముగను సమృద్ధిగను ఉండజాలదని కూడ అవధూత చెప్పును. ఇది ఆచార్యుని తక్కువ చేయుట కాదు. తత్త్వమును అనుగ్రహించువాడు ఆచార్యుడే. ఆ తత్త్వము భూమియందు ఎట్లుండునో, నీటియందు ఎట్లుండునో, తేనెటీగయందు ఎట్లుండునో చూపి దానిని స్థిరపరచునవి చుట్టునున్న ఉదాహరణములు.

తరలివచ్చిన రాళ్లు

పాఠమును చోటు మార్చుట ఎట్టిదో పల్నాటి సీమలోనే ఒక దృశ్యము మనకు బోధించుచున్నది. మాచెర్లకు సమీపమున కృష్ణాతీరమునందలి నాగార్జునకొండ లోయ ఇక్ష్వాకుల కాలమున విజయపురియై వెలసినది. అచ్చట బౌద్ధవిహారములతో పాటు దేవాలయములును ఉండెను. ఆభీర వసుషేణుని 30వ రాజ్య సంవత్సరపు శాసనము అష్టభుజస్వామి అను నామముతో విష్ణుమూర్తిని సేడగిరిపై ప్రతిష్ఠించిన విషయమును తెలుపుచున్నది. ఆ మూర్తి మేడికొయ్యతో చేయబడినది. తెలుగు నేలపై విష్ణ్వారాధనకు గల ప్రాచీన సాక్ష్యములలో ఇది ఒకటి.

1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ అంతయు నీట మునుగనున్నది. 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు విస్తారముగా త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను విప్పి, కొండపైకిని అనుపునకును తరలించి తిరిగి నిలబెట్టిరి. ఆలోచింపుడు: రాతిని మోయుట కూలివాని బలమునకు సాధ్యమే. కాని ఏ రాయి దేని ప్రక్కన ఉండెనో, ఏది పునాదియో, ఏది పైకప్పో ముందుగా గమనించి వ్రాసికొననిచో, కొండమీదికి చేరునది రాళ్లకుప్ప మాత్రమే. పరిసరమును శ్రద్ధగా చూచినందువలననే కట్టడము పరిసరమును విడిచి బ్రతుకగలిగినది. పాఠమును ఇంటికి తెచ్చుకొనగోరువాడును ఈ పద్ధతినే అనుసరింపవలెను.

చాపకూడు: ఒకనాటి పాఠమా, నిత్యపాఠమా?

ఇక అసలు పరీక్ష. 12వ శతాబ్దమున పల్నాటిలో మలిదేవుని పక్షమున మంత్రియైన బ్రహ్మనాయుడు పరమవైష్ణవుడనియు, అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెననియు, మాలకులజుడైన కన్నమదాసును పుత్రునివలె ఆదరించి సేనానిని చేసెననియు వీరగాథలు చెప్పుచున్నవి. అదియే చాపకూడు. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో కార్తీక అమావాస్య మొదలు అయిదు దినములు జరుగు వీరారాధనోత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను ఘట్టములు వరుసగా నడచును. మందపోరునాడు చాపకూడు జరుగును. ఆనాడు ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారని అడుగువారు లేరు.

మరి ఆరవనాడు? ఊరికి తిరిగి వచ్చిన తరువాత, చాపమీద ప్రక్కన కూర్చున్నవాడే కూలికై వాకిటికి వచ్చినపుడు, అతనికి నీరిచ్చు గ్లాసు వేరుగా ఉన్నచో, కారెంపూడిలో మనము నేర్చినది ఏమి? మన మనస్సు ఆ పాఠమును నాగులేటికి, వీరుల గుడికి, పండుగ నాటి జనసమ్మర్దమునకు ముడివేసి అచ్చటనే వదలి వచ్చినదన్నమాట. కుండను నిప్పని భ్రమించిన బాలునివలె, సందర్భమును పాఠమని భ్రమించితిమి. చాపయు, ఉత్సవమును వంటయింటి గోడలవంటివి. అందరియందును ఒకే స్వామి ఉన్నాడు అనునది నిప్పు.

ఈ మాట నేడు పుట్టినది కాదు. భాగవత తృతీయస్కంధమున కపిలమహర్షి తన తల్లియగు దేవహూతికి ఉపదేశించుచు, సర్వభూతములయందు ఉన్న తనను గుర్తింపక, ప్రాణులను అవమానించుచు ప్రతిమను మాత్రమే పూజించువాని అర్చన బూడిదలో వేల్చిన హోమమువంటిదని హెచ్చరించెను. మన సంప్రదాయము భగవంతునకు పర, వ్యూహ, విభవ, అర్చ, అంతర్యామి అని అయిదు రూపములను చెప్పినది. అర్చామూర్తి మనకు దయతో సులభుడై నిలిచి పాఠము చెప్పుచున్నాడు. అంతర్యామి ఆ పాఠమునే ప్రతి హృదయమునుండి ప్రశ్నగా అడుగుచున్నాడు. కోవెలలో నేర్చి, వాకిటిలో తప్పినవాని చదువు పూర్తికాలేదు.

ప్రహ్లాదుని వృత్తాంతము ఇందుకు వెలుగు. నారదుని ఆశ్రమమున గర్భస్థుడై విన్న ఉపదేశమును అతడు చండామార్కుల బడిలో మరువలేదు, తండ్రి కొలువులో మరువలేదు, ఏనుగుల కాళ్లక్రింద మరువలేదు. ఆశ్రమము వెనుకబడినది, పాఠము వెంటవచ్చినది. గురువులు ఇంటిపనిమీద పోయిన వేళ, ఆటలకు పిలిచిన దైత్యబాలురకే అతడు దానిని బోధించెను.

గృహస్థులు చేయదగినది

దీనిని సాధించుటకు కఠినమైన నియమములు అక్కరలేదు. మొదటిది: క్షేత్రమునుండి బయలుదేరునపుడు ప్రాకారమునందు కొంచెము సేపు కూర్చుండు ఆచారము మనకు ఉన్నదే. ఆ సమయమున ఒక ప్రశ్న వేసికొందము: ఇచ్చట నా మనస్సు మెత్తబడినది గదా, ఇందులో ఈ చోటి వలన కలిగినది ఏది, నేను ఇంటికి తీసికొనిపోదగినది ఏది? దారి ఇచ్చిన వృద్ధుడు ఇచ్చట ఉండిపోవును. దారి ఇచ్చు గుణము మాత్రము మనతో రావచ్చును.

రెండవది: పాఠమును పలు చోట్ల చదువుట. ధనుర్మాసమున తిరుప్పావై ముప్పది పాశురములను పిల్లలు మొదటినుండి ఏకధాటిగా అప్పగింతురు. నడుమ పదునేడవది చెప్పుమనగా, మరల మొదటినుండి అందుకొనిన గాని రాదు. వానికి ఆ పాశురము ముందరి పాశురముతో మాత్రమే ముడిపడియున్నది. పూజగదిలో ఒకనాడు, తులసికోట దగ్గర ఒకనాడు, ప్రయాణమున ఒకనాడు, నడుమనుండి ఒకనాడు చెప్పించినచో పాశురము వాని సొత్తగును. వేదపాఠకులు మాటలను ముందుకును వెనుకకును త్రిప్పి జట, ఘన అను పద్ధతులలో వల్లించుట పాఠరక్షణకొరకే అయినను, ఒకే వరుసకు కట్టువడకుండ చేయు గుణము కూడ అందు కలదు.

మూడవది: పోల్చి చూపుట. పిల్లవానికి ఒక కథ చెప్పి విడువక, అదే నీతిగల మరియొక కథ చెప్పి, రెంటిలోను సమానమైనది ఏది అని అడుగవలెను. తరువాత, నీ బడిలో ఇట్టిది ఏది జరిగినది అని అడుగవలెను. పెద్దలు తామే జవాబు చెప్పివేయరాదు. ఏరుకొన్నవానికే అది దక్కును.

నాల్గవది: చోటు మారినపుడు మనస్సున ఆ చోటిని తలచుట. గట్టు తగవులో నోరు లేచు వేళ, చెన్నకేశవుని సన్నిధిలో తీర్థము పట్టిన ఆ క్షణమును ఒక్కసారి కన్నులయెదుట నిలుపుకొనుడు. ఆనాడు చాచిన ఆ చేతిని తమ్మునిపై ఎత్తుటకు మనస్సు ఒప్పదు.

దేవుని చూచుటకు మనము యాత్ర చేయుచున్నాము. ఆ చూపు వెంట వచ్చినపుడే యాత్ర సఫలము. ఈసారి మాచెర్లనుండి గాని, కారెంపూడినుండి గాని తిరిగివచ్చునపుడు బస్సులో ప్రక్కచోటిని కోరి నిలిచినవారి ముఖమును ఒక్కమారు చూతము. గర్భాలయమున మనము చూచి వచ్చిన స్వామి అచ్చట మనకంటె ముందే వచ్చి నిలిచియుండును. గుర్తించి చోటిచ్చుట మన వంతు.